పిలవని పురోహితునికి దక్షిణ

మా బ్యాంకులో క్రమశిక్షణ నిబంధనలని ఒక పుస్తకం ఉంటుంది. అందులో ఘోరమైన తప్పుల జాబితాలో ఒక వాక్యం ఉంది. పై అధికారి ఇచ్చిన చట్టబద్ధమూ సమంజసమూ అయిన ఆజ్ఞను కావాలని ధిక్కరించడం అని దాని సారాంశం. ముప్పయి ఏళ్ళ సర్వీసులో ఈ వాక్యాన్ని ఎన్ని అభియోగ పత్రాల్లో రాశానో నాకే లెక్క తెలియదు. విచారణాధికారిగా కూర్చున్నప్పుడు ఎదుట నిలబడ్డ గుమాస్తా ఆజ్ఞను ధిక్కరించాడా లేదా అన్నంతవరకే చూసేవాణ్ణి. ఆ ఆజ్ఞ సమంజసమా కాదా అని తేల్చవలసింది ఎవరన్న ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. వచ్చినా అది నా పరిధిలోది కాదని ఫైలు మూసేవాణ్ణేమో.

పోయిన సంవత్సరం ఆ ప్రశ్న మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది. మా అమ్మాయి రిజిస్టరు పెళ్ళి చేసుకుంటానంది. అబ్బాయి మరాఠీవాళ్ళ పిల్లవాడు. కులం వేరు, భాష వేరు అని ఇంట్లో ఎవరూ పెద్ద రాద్ధాంతం చేయలేదు. ముంబయిలో నాలుగు తరాలు బతికాక ఆ పట్టుదల కొంత సడలుతుంది. గొడవంతా పంతులు దగ్గర వచ్చింది. పంతులూ వద్దు, మంత్రాలూ వద్దు అని ఇద్దరూ ఒకే మాట. అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది మా బాపుకు. ఎనభై దాటిన మనిషి. 1982 సమ్మెలో ఏడాదిన్నర గిర్నీ గేటు తొక్కని మనిషి. "నేను బతికుండంగ మంత్రాలు లేని పెండ్లి ఈ ఇంట్ల కాదు" అన్నాడు. మా అమ్మాయి ఊరుకునే రకం కాదు. "సేట్లకు ఎదురు తిరిగినోనివి, పంతులుకు భయపడతవా తాతా?" అంది. బాపు జవాబు చెప్పకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒకే మనిషిలో అంత తెగువా, ఇంత బెదురూ ఎలా ఇమిడాయన్నది నాకు అంతుపట్టలేదు. మన బొంబాయి తెలుగువాళ్ళలో ఇంతకు ముందు ఎవరైనా ఇలాంటి పని చేశారా అని పాత పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను. చరిత్రలో నాకు పట్టా లేదు, బీకాం చదివినవాణ్ణి. కానీ లెడ్జరు తిరగేయడం అలవాటైన కళ్ళకు కొన్ని పద్దులు కనిపించాయి. వాటిని ఈ పత్రిక పాఠకుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కామాఠీపురా పేరు చెబితే ఇవాళ బయటివాళ్ళకు గుర్తొచ్చేది ఒక్కటే. ఆ గల్లీల్లో పుట్టి పెరిగిన మన పిల్లలు కాలేజీలో చిరునామా చెప్పడానికి సంకోచించి 'ముంబయి సెంట్రల్ దగ్గర' అని ఊరుకునేవాళ్ళు. మా అమ్మమ్మ ఇల్లు అక్కడే కనక ఆ సంకోచం నాకూ తెలుసు. ఆ పేరు మన కూలీలది. హార్న్‌బీ కట్ట 1784 ప్రాంతంలో పూర్తయి, దీవుల మధ్యకు సముద్రపు పోటు రావడం ఆగిపోయాక, ఆ పల్లపు నేల ఎండి ఇళ్ళకు పనికొచ్చింది. నిజాం రాజ్యం నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కూలీలు పద్దెనిమిదో శతాబ్దం చివర అక్కడ గుడిసెలు వేసుకున్నారు. కామాఠీ అన్నది ఒక కులం కాదు. మట్టి తవ్వి, రాయి మోసి, సున్నం కలిపే తెలుగువాళ్ళందరికీ బొంబాయి పెట్టిన ఉమ్మడి పేరు. అందులో ఎన్నో కులాలున్నాయి. బయటివాళ్ళు అందరినీ ఒకే గంపలో వేసినా, మనవాళ్ళు లోపల ఎవరి పంచాయతీ వాళ్ళు, ఎవరి కులపెద్దలు వాళ్ళు, ఎవరి దండుగలు వాళ్ళు జాగ్రత్తగా విడివిడిగా పెట్టుకున్నారు.

తవ్వే చేతుల్లోంచే కొందరు ముకాదములయ్యారు. ముకాదముల్లోంచి కొందరు గుత్తేదారులయ్యారు. పందొమ్మిదో శతాబ్దంలో బొంబాయి రోడ్లూ కచేరీలూ గిర్నీలూ లేస్తున్న కాలంలో ఈ తెలుగు గుత్తేదారుల చేతుల్లో నాలుగు డబ్బులు ఆడాయి. డబ్బుతోపాటు గౌరవం కూడా కావాలనిపించడం సహజం. ఆ గౌరవం తాళం చెవి మరొకరి మొలలో ఉంది.

ఇక్కడ కాస్త పుణే వెళ్ళిరావాలి. 1873 సెప్టెంబరు 24న జోతిరావు ఫూలే అక్కడ సత్యశోధక సమాజం స్థాపించారు. దేవుడికీ మనిషికీ మధ్య దళారీ అక్కర్లేదన్నది దాని మూలసూత్రం. మాట అనడంతో ఆగలేదు. అదే ఏడు డిసెంబరు 25న బ్రాహ్మణ పురోహితుడు లేకుండా మొదటి పెళ్ళి జరిపించారు. వధూవరులు తమకర్థమయ్యే భాషలో ఒకరికొకరు మాట ఇచ్చుకోవడం, దండలు మార్చుకోవడం, అంతే తంతు. చెప్పుకోవడానికి చిన్న సంగతి. ఆనాటికి అదెంత పెద్ద సంగతో తెలియాలంటే గ్రామజోషి హక్కు అంటే ఏమిటో తెలియాలి.

మరాఠీ పల్లెల్లో పురోహితుడికి ఊరిమీద వంశపారంపర్యంగా వతను ఉండేది, పటేలుకూ కులకర్ణికీ ఉన్నట్టే. ఊళ్ళో పెళ్ళి జరిగితే దక్షిణ ఆయనది. మీరు ఆయన్ను పిలవలేదు, ఇంకొకరితో చేయించుకున్నారు, లేదా ఎవరూ లేకుండానే కానిచ్చారు. అయినా దక్షిణ బాకీ ఉన్నట్టే లెక్క. ఆయన కోర్టుకెళ్ళి మీ మీద దావా వేయవచ్చు. ఇంగ్లీషువాడి కోర్టులు కూడా దాన్ని ఆస్తి హక్కుగానే చూశాయి. ఖాతాలో కనీస నిల్వ లేదని జరిమానా వేసే మా బ్యాంకులకైనా, అసలు ఖాతాయే తెరవని మనిషి దగ్గర రుసుము వసూలు చేసే ధైర్యం ఇంతవరకు రాలేదు. జున్నర్ తాలూకా ఓతూరులో సత్యశోధక పద్ధతిలో పెళ్ళిళ్ళు చేసినవాళ్ళను పురోహితులు నిజంగానే కోర్టుకీడ్చారు. ఈ పిలవని పురోహితుడి దక్షిణను చట్టం రద్దు చేసింది 1926లో. బొంబాయి శాసనసభలో ఎస్.కె. బోలే తెచ్చిన బిల్లు అది. అంటే ఫూలే మొదటి పెళ్ళి చేయించిన యాభై మూడేళ్ళకు. ఆ యాభై మూడేళ్ళూ 'చట్టబద్ధమైన ఆజ్ఞ' పురోహితుడి పక్షానే ఉంది. మా నిబంధనల పుస్తకం ప్రకారమైతే ఫూలేగారి అనుచరులందరి మీదా అభియోగ పత్రాలు రాయవలసిందే, రాసేవాణ్ణి నేనే.

ఇప్పుడు బొంబాయికి తిరిగి వద్దాం. ఈ సమాజాన్ని బొంబాయిలో మొదట భుజాన వేసుకున్నవాళ్ళు తెలుగువాళ్ళు. ఈ సంగతి మరాఠీ చరిత్ర పుస్తకాల్లో ఉంది. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో నాకెక్కడా కనబడలేదు. వ్యంకు బాళోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు అన్న పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి. పేర్లు చూడండి, అప్పటికే సగం మరాఠీ అయిపోయాయి. వెంకు వ్యంకు అయ్యాడు, ఇంటిపేరుకు 'వార్' అన్న తోక మొలిచింది. అయినా లోపలి తెలుగు దాగలేదు. పుణేలో అచ్చాఫీసులన్నీ ఎదుటి పక్షం చేతుల్లోనే ఉన్న రోజుల్లో, ఈ ముగ్గురూ కలిసి పన్నెండు వందల రూపాయల విలువైన అచ్చుయంత్రాన్ని సమాజానికి ఇచ్చారు. ఆ రోజుల్లో పన్నెండు వందలంటే మాటలు కాదు. గిర్నీ కూలీ నెల జీతం పది పన్నెండు రూపాయలు కూడా దాటని కాలం. గుడికి గంట కొనిపెట్టమంటే కొనిచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. తమకు చదవడం సరిగ్గా రాని భాషలో ఎవరో రాయబోయే పుస్తకాల కోసం అచ్చుయంత్రం కొనిచ్చిన గుత్తేదార్లను నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

ఫూలే 1890 నవంబరు 28న పోయారు. ఆ తర్వాత సమాజం చెదిరిపోతుందనుకున్నారు చాలామంది. మళ్ళీ అందరినీ ఒకచోట చేర్చడానికి 1911లో పుణేలో సత్యశోధక పరిషత్తు మొదటి మహాసభ జరిగింది. దానికి అధ్యక్షుడు స్వామి రామయ్య వెంకయ్య అయ్యవారు. మరాఠీ నేలమీద పుట్టిన ఉద్యమానికి తెలుగు మనిషి అధ్యక్షత. పైగా పేరు అయ్యవారు! అయ్యవార్ల పెత్తనం వద్దన్న సభకు అయ్యవారే పెద్ద. ఆనాడు సభలో ఒకరిద్దరు తెలుగువాళ్ళయినా లోలోపల నవ్వుకుని ఉంటారని నా ఊహ.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం మనందరికీ తెలుసు. తెలియవలసిందే. బొంబాయి తెలుగువాళ్ళు ఏం సాధించారని ఎవరైనా అడిగితే, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను ఇక్కడే వారపత్రికగా మొదలుపెట్టారని గర్వంగా చెబుతాం. అదీ నిజమే. 1914లో పత్రిక మద్రాసు వెళ్ళిపోయాక కూడా ఆ పేరు చెప్పుకునే బతుకుతున్నాం. కృష్ణాజిల్లాలో త్రిపురనేని రామస్వామి చౌదరి పురోహితుడు అక్కర్లేని పెళ్ళికి తెలుగులో 'వివాహవిధి' రాశారనీ విన్నాం. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఆ తిరుగుబాటుకు డబ్బు పెట్టిన కామాఠీ గుత్తేదార్లు మాత్రం మన జ్ఞాపకంలో లేరు. వాళ్ళు తెలుగులో పుస్తకాలు రాసి ఉంటే మన సాహిత్య చరిత్రకారుల చూపు వాళ్ళమీద పడేదేమో. సున్నం చేతులవాళ్ళు, అందులోనూ మరాఠీలో మాట్లాడినవాళ్ళు. అందుకే మనకూ దక్కలేదు, మరాఠీవాళ్ళకూ పూర్తిగా దక్కలేదు. భాషా రాష్ట్రాలు గీసిన గీతకు ఇవతలా అవతలా ఉండిపోయే మనలాంటివాళ్ళకు ఇది కొత్త కాదు.

అలాగని వీళ్ళను తెల్లటి విగ్రహాలుగా నిలబెట్టడం నాకిష్టం లేదు. సత్యశోధక సమాజంలో చేరేవాళ్ళు తొలి రోజుల్లో బ్రిటిషు ప్రభుత్వానికి విధేయులుగా ఉంటామని ప్రమాణం చేసేవాళ్ళు. పురోహితుడి మీద తిరగబడినవాళ్ళు రాణిగారి ముందు వినయంగా నిలబడ్డారు. ఫూలే ఈ విషయంలో అంత సులభంగా చిక్కే మనిషి కాదనుకోండి. 1888 మార్చిలో కన్నాట్ డ్యూకు వచ్చిన విందుకు బీద రైతు వేషంలో వెళ్ళి, దేశం నిజంగా ఎలా ఉందో రాణిగారికి చెప్పమన్న మనిషి. కానీ గుత్తేదార్ల సంగతి వేరు. వాళ్ళ కాంట్రాక్టులు సర్కారు దగ్గరివి. వాళ్ళ కింద గంప మోసే ఆడవాళ్ళూ, రాయి కొట్టే మగవాళ్ళూ సొంత ఊరివాళ్ళే, తరచు సొంత కులంవాళ్ళే. పురోహితుడి దక్షిణ అన్యాయమన్న మనిషి తన కూలీకి శనివారం బట్వాడాలో ఎంత కోసుకున్నాడో ఏ నివేదికలోనూ ఉండదు. కూలీలు నివేదికలు రాయరు. గుత్తేదారు ఇంటి పెళ్ళిలో పంతులు లేకపోవడం వార్త అవుతుంది. ఆ పెళ్ళి పందిరి గుంజలు పాతిన కూలీ ఇంట్లో పంతులు మొదట్నుంచీ లేడు. పిలిచే స్తోమత లేదు, పిలిచినా వచ్చేవాడు కాదు. తిరగబడాలంటే ముందు ఆ అధికారం మన గడప దాకా రావాలి కదా.

ఎవడి తిరుగుబాటుకైనా ఒక హద్దు ఉంటుందన్నది ఈ కాగితాలు చదివాక నాకు గట్టిపడిన అభిప్రాయం. ఒక అధికారాన్ని తోసెయ్యాలంటే కాళ్ళు ఆనించడానికి ఇంకొకటి కావాలి. వాళ్ళు ఇంగ్లీషు సర్కారుకు కాళ్ళు ఆనించి పురోహితుణ్ణి తోశారు. దాన్ని మోసం అనను. నీళ్ళలో నిలబడి గోడను తోయడం ఎవరివల్లా కాదు.

వాళ్ళ పని మరో దారిలో గిర్నీ కూలీల దాకా వచ్చింది. సత్యశోధకుల్లోనే నారాయణ మేఘాజీ లోఖండే అని ఒకాయన ఉండేవారు. 1880లో దీనబంధు పత్రికను బొంబాయి తెచ్చి నడిపారు. 1884లో గిర్నీ కూలీల సంఘం పెట్టారు. వారానికి ఒకరోజు సెలవు కావాలని అయిదున్నర వేలమంది సంతకాలతో అర్జీ తయారుచేశారు. ఆరేళ్ళు తిరిగారు. 1890 ఏప్రిల్‌లో మహాలక్ష్మి గుర్రప్పందేల మైదానంలో పదివేలమంది కూలీలు కూడారు, ఇద్దరు ఆడకూలీలు లేచి మాట్లాడారు. ఆ జూను 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. నేను ఆదివారం పొద్దున నింపాదిగా కూర్చుని ఈ వ్యాసం రాసుకుంటున్నానంటే దాని వెనక ఆ సంతకాలున్నాయి. అదే ఏడు బొంబాయి మంగలివాళ్ళు సభ పెట్టుకుని, ఇక మీదట వితంతువుల తలలు గొరగమని తీర్మానించారు. దాని వెనకా లోఖండే ఉన్నారు. ఎవరినీ కొట్టలేదు, ఏ గాజూ పగలలేదు. మంగలికత్తి పెట్టెలో పెట్టేశారు, అంతే. శాస్త్రం చెప్పే పెద్దలెందరున్నా కత్తి పట్టే చెయ్యి లేకపోతే శాస్త్రం నడవదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇది.

కామాఠీపురాకు సంబంధించి ఇంకొక పద్దు ఉంది. అది చదివితే మనసు కొంచెం కలత పడుతుంది. 1936 మే నెలాఖరున నాయిగావ్‌లో మహార్ పరిషత్తు జరిగింది. హిందూమతం వదిలెయ్యాలన్న నిర్ణయానికి అంబేడ్కర్ తనవాళ్ళ సమ్మతి అడిగిన సభ అది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన బి.ఎస్. వెంకట్రావు. ఇక్కడా ఒక తెలుగు పేరే. తర్వాత రెండు మూడు వారాలకు, జూను 16న, పరేల్ దామోదర్ హాల్లో దేవదాసీలు, జోగినులు, పోతరాజులతో అంబేడ్కర్ మరో సభ పెట్టారు. కామాఠీపురా బతుకు మానేసి రండి, అప్పుడే మీకు మాతోపాటు గౌరవస్థానం అని ఆ ఆడవాళ్ళకు గట్టిగా చెప్పారు. తిండి సంగతేమిటన్న ప్రశ్నకు, అది తన చేతుల్లో లేదనీ ఆ బతుకు మాత్రం వదలక తప్పదనీ ఆయన వైఖరి. ఆయన వేదన నాకు అర్థమవుతుంది. జోగినిని చేసింది దేవుడి పేరుతో నడిచే అధికారమే, దాన్ని తెంచుకోమన్నారు. కానీ ఆ హాల్లో నేలమీద కూర్చున్న ఆడమనిషికి అది విడుదలగా వినిపించిందో, మరొక ఆజ్ఞగా వినిపించిందో. వాళ్ళేమన్నారన్నది నేను చూసిన కాగితాల్లో లేదు.

ఇక గిర్నీల కథ. మగ్గాల ఖాతాలో మన పద్మశాలీలు నిండి ఉండేవాళ్ళు. 1928లో ఒక్కొక్కడు రెండు మగ్గాల బదులు మూడు నడపాలన్నారు యజమానులు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆరునెలలు గిర్నీలు మూతపడ్డాయి. ఆ సమ్మె గురించి, అందులో పుట్టిన గిర్నీ కామ్‌గార్ యూనియన్ గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను చూసిన సమ్మె ఒక్కటే.

1982 జనవరి 18. నాకు పన్నెండేళ్ళు. మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువుతున్నాను. వర్లీ బి.డి.డి. చాల్‌లో నూట అరవై చదరపు అడుగుల ఖోలీలో తొమ్మిదిమందిమి. ఒకరి షిఫ్టు అయిపోతే ఇంకొకరు పడుకునే లెక్క. సమ్మె మొదలయ్యాక అందరూ ఒకేసారి ఇంట్లో ఉన్నారు, రాత్రి కాళ్ళు చాపే జాగా లేదు. నాకు సమ్మె అంటే మొదట అర్థమైంది అదే.

రెండున్నర లక్షలమంది బయటికొచ్చారు. దత్తా సామంత్ మాట ఒక్కటే బయటికి వినిపించింది గాని, కోపం ఆయన తెచ్చింది కాదు, అప్పటికే ఉంది. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న ఒక్క సంఘమే కూలీల తరఫున మాట్లాడాలి. ఆ సంఘం రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్. కూలీకి అది వద్దు. కానీ వద్దనే దారి చట్టంలో లేదు. ఇక్కడ చదివేవాళ్ళకు గ్రామజోషి గుర్తొచ్చే ఉంటాడు. పిలవకపోయినా వచ్చి కూర్చుంటాడు, వద్దన్నా వసూలు చేస్తాడు. బాపు జీతం అంత తక్కువేమీ కాదు, బదిలీవాళ్ళ కంటే నయమే. "పైసల కోసమా మీరు కూసున్నది?" అని ఈ మధ్య అడిగితే, "పైసలూ కావాలె. కానీ మా తరఫున మాట్లాడేటోన్ని మేము పెట్టుకోవాలె గద బిడ్డా" అన్నాడు.

సమ్మె చట్టవిరుద్ధమన్నారు. చాళ్ళు ఖాళీ అయ్యాయి. చాలామంది కరీంనగరు, నల్లగొండ పల్లెలకు వెళ్ళిపోయారు. మేం వెళ్ళలేదు. ఊళ్ళో భూమి లేదు. అమ్మ కామాఠీపురాలో అమ్మమ్మ ఇంటికి వెళ్ళి ఆకు తెచ్చి బీడీలు చుట్టేది. రాత్రి లైటు కింద నేనూ దారం కట్టేవాణ్ణి. ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే మార్వాడీ కొట్టుకెళ్ళాయి. ఆగస్టు 18న బొంబాయి పోలీసు కానిస్టేబుళ్ళే తిరగబడ్డారు. నిన్నటిదాకా లాఠీ పట్టినవాళ్ళు నల్ల బ్యాడ్జీలతో వీధిలో నినాదాలు చేస్తుంటే గిర్నీ కూలీలు వెళ్ళి కలిశారు. సైన్యం వచ్చింది, ఆ ఒక్కరోజు ముచ్చట ముగిసింది. బాపు ఇంటికొచ్చి పోలీసుతో కలిసి చాయ్ తాగానని అందరికీ చెప్పాడు. సమ్మె కాలంలో ఆయన నవ్వుతూ మాట్లాడిన సందర్భం నాకు ఇంకొకటి గుర్తులేదు.

ఆ నెల మొదట్లోనే శ్రావణ పౌర్ణమి వచ్చింది. పద్మశాలీలు జంధ్యం మార్చుకునే రోజు. ఆ పూట ఇంట్లో బియ్యం లేవు, అమ్మ పక్కింట్లో అడిగి తెచ్చింది. బాపు స్నానం చేసి, పంతులు దగ్గరికెళ్ళి కొత్త జంధ్యం వేసుకుని, అయిదు రూపాయలు దక్షిణ పెట్టి వచ్చాడు. అమ్మ ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ అయిదు రూపాయలు నలభై ఏళ్ళుగా గుర్తున్నాయి. మా అమ్మాయి అడిగిన ప్రశ్న నేను ఆ రోజే అడగవలసింది.

సమ్మె ఇప్పటిదాకా ఎవరూ అధికారికంగా విరమించలేదు. లక్షమందికి పైగా మళ్ళీ పనిలోకి వెళ్ళలేదు. బాపు భివండీలో సాంచాల మీద పన్నెండు గంటల పని చేశాడు. ఎనిమిది గంటల పనీ, గేటు సమావేశాలూ, ఆ మాటలన్నీ లోయర్ పరేల్లోనే ఉండిపోయాయి. 1997 జనవరిలో దత్తా సామంత్‌ను కాల్చి చంపారు. గిర్నీ నేలల మీద ఇవాళ అద్దాల మేడలు. వాటిలో ఒక మేడలో మా బ్యాంకు శాఖ ఉంది. అందులో రెండేళ్ళు మేనేజరుగా కూర్చున్నాను. బాపు ఒక్కసారీ లోపలికి రాలేదు. గేటు దాకా వచ్చి, "మా ఖాతా ఇక్కన్నే ఉండె" అని వెళ్ళిపోయాడు. మగ్గాల ఖాతా అని ఆయన అర్థం.

ఈ కాగితాలన్నీ ముందేసుకుని ఒకరోజు బాపు దగ్గర కూర్చున్నాను. నచ్చజెప్పాలని కాదు, ఆయన ఏమంటాడో వినాలని. సమ్మె రోజుల్లో ఆ అయిదు రూపాయల సంగతి అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. "గిర్నీ పోయింది. ఊరు లేదు. జంధ్యం సుత తీసేస్తే ఇంక నేనెవన్ని?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. కామాఠీ గుత్తేదారు సర్కారు మీద కాళ్ళు ఆనించాడు, ఈయన జంధ్యం మీద ఆనించాడు. నేను నెల జీతం మీద ఆనించి అసలు దేన్నీ తోయలేదు. ఆ ముక్క ఆయనతో అనలేదు.

తర్వాత అచ్చుయంత్రం సంగతి, 1911 మహాసభ సంగతి చదివి వినిపించాను. పేరు దగ్గర ఆపాడు.

"అయ్యవారా? బాపనాయనా?"

"కాదు బాపు. ఇక్కడి తెలుగాయనే. మనలాంటోడే."

"మరి అయ్యవారని పేరెట్ల పెట్టుకున్నడు?" అని నవ్వాడు. కాసేపాగి, "పన్నెండు వందలా? అప్పట్లనా?" అని మళ్ళీ అడిగాడు.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం పెళ్ళికి ముందు ముప్పయి రోజులు నోటీసు అంటించాలి. ఇద్దరి పేర్లూ చిరునామాలూ ఆఫీసు గోడమీద అందరికీ కనబడేలా ఉంటాయి. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చు. ఇంట్లోవాళ్ళను కాదని పెళ్ళి చేసుకునే పిల్లలకు ఆ ముప్పయి రోజులూ కత్తి మీద సామే. మా అమ్మాయికి ఆ భయం లేదుగాని, మా కులపెద్ద ఒకాయన ఆ నోటీసు సంగతి తెలిసి ఫోను చేశాడు. ఫోను బాపు ఎత్తాడు. ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు. ఆ ఫోను మాత్రం మళ్ళీ రాలేదు.

పెళ్ళికి ముగ్గురు సాక్షులు కావాలి. ఒకరు అబ్బాయి మేనమామ, ఒకరు మా అమ్మాయి స్నేహితురాలు. మూడో సంతకం బాపుది. పలచటి తెల్ల చొక్కాలోంచి జంధ్యం కనిపిస్తూనే ఉంది. రాత్రిబడిలో నేర్చుకున్న తెలుగులో, ఒక్కో అక్షరం నిదానంగా, పేరు పూర్తిగా రాశాడు. రిజిస్టరు మూశాక జేబులోంచి ఒక తమలపాకు తీశాడు. అందులో వక్క, పదకొండు రూపాయలు. బల్ల అవతల కూర్చున్న మరాఠీ అధికారిణి ముందు పెట్టి చేతులు జోడించాడు. ఆమె కంగారుపడి, తాము ఇటువంటివి తీసుకోకూడదని మరాఠీలో చెప్పింది.

"దక్షిణమ్మా" అన్నాడు బాపు తెలుగులో, "పెండ్లి చేసినవు గద."

ఆమెకు భాష అర్థం కాలేదు. నావైపు చూసింది. నేను నవ్వు ఆపుకుని, ఆకు తీసి మా అమ్మాయి చేతిలో పెట్టాను.